ఆ సోమవారం హాజరు

హాలిఫాక్స్,
జనవరి 12

పెదనాన్నగారికి నమస్కారాలు.

ఫోన్లో మీరు "ఆఁ? ఏమిటీ?" అనడం, నేను గొంతు చించుకోవడం, పక్క అపార్ట్‌మెంట్‌వాళ్లు గోడ మీద కొట్టడం, ఈ గొడవంతా ఎందుకని ఉత్తరం రాస్తున్నాను. వినికిడి మిషన్ పెట్టుకోమంటే పెట్టుకోరుగానీ, కాగితం కలం ఇస్తే పేజీలు నింపేస్తారని అమృతక్క చెప్పింది.

సంగతేమిటంటే నేనొక నవలని తెలుగు చేస్తున్నాను. రాసినావిడ పేరు అస్కలే గిర్మా, ఇథియోపియా ఆవిడ. ఈ ఊళ్లో ముప్పై ఏళ్లు హోమ్ కేర్‌లో పనిచేసి, రిటైరయ్యాక తొలి నవల రాసింది. పేరు ‘నాలుగో బెంచీ’. వాళ్ల ఊరి బడి, సైన్యం ప్రభుత్వాన్ని చేతిలోకి తీసుకున్న రోజులు, ఆవిడ అన్న ములుగేటాని ఆ బడిలో చదువుకుంటుండగా పట్టుకుపోవడం, ఇదీ కథ. లైబ్రరీలో ఆవిడ చదువుతుంటే వెనక వరసలో కూర్చుని విన్నాను. ఇంటికొచ్చి చూసుకుంటే చేతిలో గొడుగు లేదు, అక్కడే మర్చిపోయాను. మర్నాడు గొడుగు కోసం వెళ్లి పుస్తకం కొనుక్కున్నాను.

హాస్పిటల్ ల్యాబ్‌కి వెళ్లేటప్పుడు ఫెర్రీలో పన్నెండు నిమిషాలు, వచ్చేటప్పుడు పన్నెండు. రోజుకో పేరా చొప్పున సగం దాటించాను. విజయవాడలో కోదండరామ్‌గారని ఒక పబ్లిషరు ఉన్నారు. "ఆఫ్రికా నవల తెలుగులో ఎవరు చదువుతారమ్మా" అని నసిగారు. మీరు వేయండి, చదివించే పూచీ నాది అన్నాను. సెప్టెంబరుకి పుస్తకం రావాలి. వస్తుంది.

ఇప్పుడు మీతో పని. మీరు ఆ దేశంలో ఆరేళ్లు లెక్కలు చెప్పారు కదా. భోజనం దగ్గర ఒకళ్లకొకళ్లు చేత్తో తినిపించుకునే పద్ధతి ఒకటుంది, ‘గుర్షా’ అంటారట. గోరుముద్ద అనొచ్చా? హాజరు పిలిస్తే పిల్లలు పలికే మాట ఏమిటి?

ఇంకొకటి. నవల్లో ఒక ఇండియన్ లెక్కల మాస్టారు ఉన్నారు, మిస్టర్ నాథన్ అని. సుద్దముక్కలు చేతిరుమాల్లో చుట్టుకుని తెస్తాడు. జేబులో రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. చదువుతుంటే నాకు ఎవరో తెలిసినాయనలా అనిపిస్తున్నాడు. పెద్దమ్మ ఆల్బంలో యూకలిప్టస్ చెట్ల కింద మీరు నిలబడ్డ ఫొటో ఉంది చూడండి, అది ఏ ఊరు?

మృదుల

*

మిస్సిసాగా,
జనవరి 27

చిరంజీవి మృదులకు ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చిన రోజున మీ పెద్దమ్మ సూర్యకుమారి రెండుసార్లు కాఫీ పెట్టింది. ఆ దేశం పేరెత్తితే ఆవిడకి కాఫీ గుర్తొస్తుంది. పచ్చి గింజలు మన ఎదురుగానే వేయించి, దంచి, మట్టికూజాలో కాచి మూడు విడతలు పోస్తారు. మొదటి విడతకే లేచి వెళ్లిపోతే మర్యాద కాదు.

గుర్షాని గోరుముద్ద అనకు. గోరుముద్ద అమ్మ బిడ్డకు పెట్టేది. అక్కడ పెద్దవాళ్లు పెద్దవాళ్లకే పెడతారు. నువ్వంటే నాకు గౌరవం, నువ్వు నా మనిషివి అని చెప్పడం అది. ఉత్త ‘ముద్ద పెట్టడం’ చాలు. వెళ్లిన కొత్తల్లో మా అమ్హారిక్ భాషా మాస్టారు ఒకాయన నాకు ముద్ద పెట్టబోతే, ఎంగిలని వెనక్కి జరిగాను. ఆయన నవ్వి, చెయ్యి అలాగే చాపి ఉంచాడు. తినక తప్పలేదు.

హాజరు పిలిస్తే ‘అబేత్’ అంటారు. పిలిస్తే మనం ‘ఆఁ, ఏమండీ’ అని పలుకుతామే, అదే. ‘ప్రెజెంట్ సర్’ అనమని నేను నెలరోజులు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. నా ముందు అనేవాళ్లు, మర్నాడు మళ్లీ అబేత్.

ఫొటోలో ఊరు నువ్వు అనుకున్నదే. పిల్లలకి విశ్వనాథం అనడం నోరు తిరక్క నాథన్ చేశారు. ఆవిడకి నేను గుర్తున్నందుకు సంతోషం. ఆ చివరి సంవత్సరాల సంగతులు మాత్రం నాకంతగా గుర్తులేవు, వాటి గురించి అడిగి లాభం లేదు. భాష గురించి ఎన్నైనా అడుగు.

మీ పెదనాన్న,
కాశీవిశ్వనాథం

*

హాలిఫాక్స్,
ఫిబ్రవరి 20

పెదనాన్నా,

మీరే. మిస్టర్ నాథన్ మీరే. నాకు ఇంత గొప్ప పెదనాన్న ఉన్నాడని ఒక్కళ్లూ చెప్పలేదేం?

పదకొండో అధ్యాయం నిన్న పూర్తిచేశాను, దీంతోపాటే పంపుతున్నాను. ఒక సోమవారం పిల్లలు సైనిక ప్రభుత్వానికి ఎదురుగా ఊరేగింపు తీస్తారు. ఎవరెవరు వెళ్లారో కనిపెట్టడానికి కెబెలెవాళ్లు, అంటే ఆ ప్రభుత్వం పెట్టిన పేటసంఘంవాళ్లు, బడికొచ్చి ఆ రోజు హాజరు పట్టీ అడుగుతారు. మిస్టర్ నాథన్ అప్పటికే దాన్ని ఇంటికి పట్టుకెళ్లి కట్టెల పొయ్యిలో పెట్టేశాడు. భార్య ఒక్కో కాగితం చింపి అందిస్తుంది. కెబెలెవాళ్లు వస్తే "పట్టీ పోయింది" అని నిలబడతాడు. అంత చేసినా పిల్లలు దక్కరు. ఆ బడిలోనే అమ్హారిక్ చెప్పే తఫెరా అనే మాస్టారు పేర్లన్నీ జ్ఞాపకం నుంచి చెప్పేస్తాడు. ములుగేటాని ఇంట్లోంచి చెప్పుల్లేకుండా తీసుకుపోతారు. ఆ పేజీ టైపు చేస్తూ ఫెర్రీలో ఏడ్చాను. ఎవరో టిష్యూ ఇచ్చారు.

ఆ మాస్టారు మా పెదనాన్న అని అస్కలేగారికి చెప్పాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. మా వీధిలో ఒక్క మంచి మనిషైనా ఉన్నాడని నా పిల్లలకి చెప్పి పెంచాను అంది. నవల్లో అందరి పేర్లూ మార్చిందట. మీది కాక మార్చనివి రెండే, ఒకటి వాళ్ల అన్నది, రెండోది తఫెరాది. "అన్న పేరు బతకాలి, వాడి పేరు మాయకూడదు" అంది.

కోదండరామ్‌గారు ఎగిరి గంతేశారు. తెలుగు మాస్టారి సాహసం అని వెనక అట్ట మీద మీ ఫొటో వేస్తారట. ముందుమాట నేను రాస్తున్నాను. ఆ రోజు మీకు ఏమనిపించిందో నాలుగు మాటలు రాసి పంపండి.

మృదుల

*

మిస్సిసాగా,
మార్చి 9

చిరంజీవి మృదులకు,

మంచు ఇంకా కరగలేదు. మోకాళ్లు బాగాలేవు. అమృత కొత్త మందులు తెచ్చింది.

ముందుమాటలో నా పేరు వద్దు. ఫొటో అసలే వద్దు. కథలో మాస్టారు కథలో ఉంటాడు. తఫెరా పేరు మార్చమని ఆవిడని అడగగలవేమో చూడు. ఎన్నో ఏళ్లయింది, అతనికీ పిల్లలు ఉండి ఉంటారు.

పదకొండో అధ్యాయంలో ‘యోచించెను’ అని ఒకచోట పడింది. అక్కడ ‘ఆలోచించాడు’ అను.

విశ్వనాథం

*

హాలిఫాక్స్,
మార్చి 23

పెదనాన్నా,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పేజీలు నింపే మనిషి పది వాక్యాలు రాసి ఊరుకున్నాడు. అందులో మూడు మంచు గురించీ మోకాళ్ల గురించీ.

నిన్న పెద్దమ్మకి ఫోన్ చేశాను. కట్టెల పొయ్యిలో కాగితాలు చింపి వేశావట కదా, చేతులు కాలలేదా అని వేళాకోళంగా అడిగాను. "కట్టెల పొయ్యి ఎక్కడిదే, మాది కిరసనాయిలు స్టవ్వు" అంది. ఆ వెంటనే "మీ పెదనాన్ననే అడుగు, నలభై ఎనిమిదేళ్లుగా నేనడుగుతూనే ఉన్నాను" అని పెట్టేసింది.

నేను చిన్నపిల్లని కాను. నా దగ్గర నీళ్లు నమలొద్దు. ఇది అచ్చులోకి వెళ్లబోతున్న పుస్తకం. నా పేరుతో, నా మాటలతో వెళ్తుంది. ఒక మనిషిని ద్రోహి అని నేను తెలుగులో రాస్తున్నాను. అతను ద్రోహి అవునో కాదో మీకు తెలుసనిపిస్తోంది. తెలిస్తే చెప్పండి. చెప్పేదాకా పదకొండో అధ్యాయం నా దగ్గరే ఉంటుంది, ప్రెస్సుకి ఇవ్వను. కోదండరామ్‌గారు అరిస్తే అరవనీ.

మృదుల

*

మిస్సిసాగా,
ఏప్రిల్ 11

మృదులకు,

రెండు వారాలుగా రాసి చించేస్తున్నాను. ఇది చించను.

పట్టీ కాల్చలేదు. ఇచ్చాను.

ఆ సోమవారం పొద్దున స్టాఫ్ రూములో తఫెరా నా పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నాకు మొదటి ముద్ద పెట్టిన మాస్టారు అతనే. "నాథన్, ఈ రోజు హాజరు తీయకు" అన్నాడు. ఎందుకని అడిగితే "ఊరికే తీయకు" అన్నాడు. మిగతా మాస్టర్లంతా పట్టీలు మూసి బల్ల మీద పెట్టి ఉత్తచేతులతో క్లాసులకి వెళ్లారు. వాళ్లందరికీ తెలుసు. నేను దాన్ని బద్ధకం అనుకున్నాను. మా నాన్న హెడ్మాస్టరు. జ్వరంతో ఉండి కూడా హాజరు తీసి పడుకునేవాడు. నేను ఆయన కొడుకునని నాకు గర్వం. ఇండియన్ మాస్టారంటే ఏమిటో వీళ్లకి చూపిస్తాననుకున్నాను.

తీశాను. పదో తరగతిలో ముప్పై నాలుగు మంది. నీలం సిరాతో ఇరవై మూడు ‘పి’లు, ఎర్రసిరాతో పదకొండు ‘ఏ’లు. కింద మొత్తాలు వేసి సంతకం పెట్టాను. ఊళ్లో ఊరేగింపు నడుస్తోందని మధ్యాహ్నం తెలిసింది. అప్పుడైనా ఆ పేజీ చింపొచ్చు. పట్టీలో పేజీ చింపడమన్న ఊహే నాకు రాలేదు.

గురువారం హెడ్మాస్టరుతో ఇద్దరు కెబెలెవాళ్లు వచ్చారు. మిగతా క్లాసుల పట్టీల్లో సోమవారం గడి ఖాళీ. నాది ఒక్కటే నిండి ఉంది. నన్ను బెదిరించలేదు, తుపాకీ చూపలేదు. అడిగారు, రెండు చేతులతో ఇచ్చాను. దానికి గోధుమరంగు అట్ట కూడా వేసి ఉంచాను. అందులో ఒకతను పేజీ తిరగేసి "చాలా శుభ్రంగా ఉంది" అని మెచ్చుకున్నాడు. థాంక్యూ అన్నాను.

శుక్రవారం తొమ్మిది మందిని తీసుకెళ్లారు. ఇద్దరే తిరిగొచ్చారు.

ఇంతవరకూ జరిగింది నా తెలివితక్కువతనం అనుకో. దీని తరవాతది తెలివితక్కువతనం కాదు. పేర్లు ఎలా తెలిశాయని ఊరంతా అడగడం మొదలెట్టింది. తఫెరా బావమరిది కెబెలెలో గుమాస్తా. అంతే, అతని ఇంటి మీద రాళ్లు పడ్డాయి. అతను మా ఇంటికొచ్చాడు. "నువ్వొక్క మాట చెప్పు నాథన్. నువ్వు పరాయి దేశంవాడివి, నిన్ను పంపేస్తారు, అంతకంటే ఏం చేయరు. నేను ఇక్కడే బతకాలి" అన్నాడు. మీ పెద్దమ్మకి అప్పుడు ఏడో నెల, కడుపులో అమృత. కాన్పు అయ్యేదాకా ఆగమన్నాను. ఆగాడు. అమృత పుట్టింది. నేను చెప్పలేదు. కాంట్రాక్టు ఇంకో రెండేళ్లుంది. ఆ టర్ము అయ్యాక అతను పెళ్లాం పిల్లలతో ఊరొదిలి వెళ్లిపోయాడు.

క్లాసులో కొత్త పట్టీ పెట్టాను. పాతదేది సార్ అని పిల్లలడిగితే "పోయింది" అన్నాను. నేనన్నది ఆ ఒక్క మాట. దాన్ని కాల్చేసిందీ, మీ పెద్దమ్మ చేత కాగితాలు అందింపజేసిందీ ఊరు. నేను కాదనలేదు. దారిలో ముసలమ్మలు నా చెయ్యి కళ్లకద్దుకునేవాళ్లు. అద్దుకోనిచ్చాను.

నీ నవల రాకపోతే ఇలాగే పోయేవాణ్ణి. నన్ను మంచివాణ్ణని రాస్తే చదివి ఊరుకుందును, అంత సిగ్గులేనితనం నాకుంది. కానీ తఫెరా మీద మళ్లీ తెలుగులో, నా భాషలో, నా ఇంటిపిల్ల చేత్తో రాళ్లు వేయించలేను. అమృత ఎందుకు నాన్నా ఇప్పుడు అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మీ పెద్దమ్మ మాత్రం స్టాంపు తనే అంటించి పెట్టింది. ఈ ఉత్తరం అస్కలేగారికి చదివి వినిపించు. మెత్తన చేయకు, ఒక్క మాట కూడా వదలకు.

విశ్వనాథం

*

హాలిఫాక్స్,
మే 4

పెదనాన్నా,

మూడు రోజులు మీ మీద కోపంతో అన్నం సహించలేదు. కోపం ఇంకా పోలేదు. పట్టీ ఇచ్చినందుకు కాదు. ఆయన మీ గుమ్మంలోకొచ్చి అడిగాక కూడా ఊరుకున్నందుకు. ఇది రాయకుండా మిగతాది రాయలేను.

ఏప్రిల్ ఇరవై ఆరున అస్కలేగారి వంటింట్లో కూర్చుని మీ ఉత్తరం వాక్యం వాక్యం ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క మాటా వదల్లేదు. ఆవిడ కాఫీ గింజలు వేయిస్తోంది. "చాలా శుభ్రంగా ఉంది" దగ్గర పొయ్యి ఆర్పేసింది. ఆ రోజు మొదటి విడత కాఫీ కూడా కాలేదు. అంతా విని, నువ్వెళ్లు అంది. వెళ్లాను.

నాలుగు రోజుల తరవాత తనే ఫోన్ చేసి రమ్మంది. తఫెరాగారు చనిపోయారట. కూతురు హిరుత్ కాల్గరీలో ఉంది. పదేళ్ల కిందట అక్కడొక పెళ్లిలో ఆవిడ పలకరించబోతే, అస్కలేగారు అందరి ముందూ మొహం తిప్పుకుని వెళ్లిపోయిందట. "నేను చదువుకున్నదాన్ని, నవల రాసినదాన్ని. ఒక్కసారి కూడా ఎవరినీ అడగలేదు. నమ్మాను, అచ్చు వేయించాను" అంది. తన మీద తనకే మండిపోతోంది. మీ మీద ఎంత కోపమో చెప్పక్కర్లేదు.

ఆవిడ నిర్ణయాలు ఇవి, ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. పదకొండో అధ్యాయం మళ్లీ రాస్తోంది. సరిచేసిన కథ మొదట తెలుగులోనే వస్తుంది, ఇంగ్లీషుది తరవాత. చివర మీ ఏప్రిల్ ఉత్తరం మీ పేరుతో వేయాలి. మీరు ముందు కాల్గరీ వెళ్లి హిరుత్‌తో ఎదురుగా కూర్చుని చెప్పాలి, ఉత్తరంలో కాదు, ఫోన్లో కాదు. ఆ తరవాత హాలిఫాక్స్ రావచ్చు. "నా ఇంట్లో భోంచేయమను. ముద్ద మాత్రం నేను పెట్టను. అతని చేత్తో అతను తినాలి" అంది.

పుస్తకం సెప్టెంబరుకి కాదు, అక్టోబరుకి అంటే కోదండరామ్‌గారు లబోదిబోమన్నారు. అధ్యాయం మారిందన్నాక మీ ఉత్తరం పంపమన్నారు. చదివి, అట్ట మీద ఫొటో తీసేస్తున్నానమ్మా అని మాత్రం రాశారు.

నేను బయల్దేరుతుంటే ఆవిడ మెట్ల దగ్గరకొచ్చి ఇంకొకటి అడిగింది. ఆ పట్టీ మళ్లీ ఎవరికీ దొరకలేదు. ఊళ్లో పోయినవాళ్ల జ్ఞాపకంగా నిలిపిన రాయి మీద నాలుగు పేర్లే ఉన్నాయట, మిగతా కుటుంబాలు చెదిరిపోయాయి. ఏడాదంతా రోజూ పిలిచిన మనిషి కదా, ఆ పేర్లు ఆయనకి గుర్తున్నాయా అని అడిగింది.

గుర్తున్నాయా పెదనాన్నా?

మృదుల

*

మిస్సిసాగా,
జూన్ 2

చిరంజీవి మృదులకు,

నీ కోపం పోనక్కర్లేదు, ఉండనీ.

పదిహేడో తేదీన కాల్గరీ విమానం. మీ పెద్దమ్మ వస్తోంది. టికెట్లు అమృతే కొంది. డాక్టరు దగ్గరికి వెళ్తూ కారులో "నేను పుట్టడం కోసం ఆగారు కాబట్టి నేనూ వస్తాను నాన్నా" అంది. వద్దనలేదు. హిరుత్‌గారు రమ్మన్నారు, గంట టైము ఇస్తానన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. వినికిడి మిషన్ పెట్టుకున్నాను. ఆవిడ ఏమన్నా ఒక్క మాట పోకుండా వినాలి.

పేర్ల గురించి. రోజూ పొద్దున మాల్‌లో నడుస్తాను కదా, ఈ మూడు వారాలూ అక్కడ పట్టీ పిలుచుకుంటూ తిరిగాను. ఒకటో నంబరు నుంచి మొదలెడితే నోరే చెబుతుంది, మధ్యలో ఆగితే మళ్లీ మొదటికి రావాలి. నాలాంటి ముసలాళ్లు ఇంకో ఇద్దరు నడుస్తారక్కడ, నాకు మతి పోయిందనుకుంటున్నారు. గైర్హాజరు వేసిన పదకొండు మందినీ నంబర్లతో రాస్తున్నాను. అస్కలేగారికి ఈ కాగితమే ఇవ్వు, టైపు చేసింది కాదు. ఇందులో ఎర్రసిరా వాడలేదు.

రెండు, అబెరా దెస్తా. ఐదు, అయెలె వొర్కు. తొమ్మిది, ఎల్సబేత్ హైలు. పన్నెండు, గెతాచ్యూ లెమ్మా. పదిహేను, కెబెడె అలెము. పదిహేడు, ములుగేటా గిర్మా. ఇరవై, నెగాష్ వొందిము. ఇరవై నాలుగు, సాబా యోహన్నిస్. ఇరవై ఎనిమిది, తడెసె అస్ఫా. ముప్పై మూడు, జెరిహున్ బెలాయ్.

ఇంకొక్కటి ఉంది. నాలుగో బెంచీ చివర, కిటికీ పక్కన కూర్చునేవాడు. పొడుగు. సున్నాని ఎప్పుడూ కిందనుంచి పైకి చుట్టేవాడు. తడెసెకి జెరిహున్‌కి మధ్యన వస్తాడు. ఎన్నిసార్లు పిలిచినా నోరు అక్కడికొచ్చి ఆగిపోతోంది. మీ పెద్దమ్మనీ అడిగాను. కాల్గరీలో అడుగుతాను, ఆ ఊరివాళ్లు ఎవరు కనబడినా అడుగుతాను. ఊహించి మాత్రం రాయను. పుస్తకంలో ఇలాగే వేయించు.

ముప్పై ఒకటి. పేరు గుర్తులేదు. ఆ సోమవారం రాలేదని రాసింది నేనే.

కాశీవిశ్వనాథం,
లెక్కల మాస్టారు